నాటకశాల గోడ ఎందుకు పగిలింది

1988 నవంబరులో నన్ను హైదరాబాదు పాత నగరంలోని ఒక నాటకశాల గోడ పగుళ్ల పరిశీలనకు పంపారు. అప్పటికి నేను ఉప్పల్ వైపున్న ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో, నేల కంపనాలను కొలిచే విభాగంలో, టెక్నికల్ ఆఫీసర్‌గా పదకొండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. శాస్త్రవేత్తలు మాకంటే ఒక మెట్టు పైన. సిద్ధాంతం వారిది, యంత్రం మాది. యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు నడపాలి, వచ్చిన గీతలో ఏది అసలైన కదలిక, ఏది పక్కన ఎవరో కుర్చీ లాగితే వచ్చిన వణుకు అని తేల్చడం మా పని. నివేదిక మీద మొదటి సంతకం విభాగాధిపతిది, రెండోది మాది.

వ్యవహారం ఇది. నాటకశాల తూర్పు గోడకు నిలువుగా రెండు పగుళ్లు వచ్చాయి. ఆ గోడకు అవతల ఒక వ్యాపార భవనం కోసం బండను మందుగుండుతో పేల్చి పునాది తవ్వుతున్నారు. పేలుళ్ల వల్లే గోడ పగిలిందని నాటకశాల ధర్మకర్తల ఫిర్యాదు. కాదు, రాత్రీ పగలూ డోళ్లు కొట్టి గంతులేసే నాటకాల వల్లే పాత గోడ పగిలిందని అవతలివాళ్ల జవాబు. అసలు సంగతి తేలేదాకా నగరపాలక సంస్థవాళ్లు ప్రదర్శనలు ఆపించి, కొలిచి చెప్పమని మాకు ఉత్తరం రాశారు. అంటే మా నివేదిక మీదే ఆ హాలు తెరుచుకోవడమో, కూలగొట్టడమో ఆధారపడి ఉంది.

మేము వాడే పరికరం పేరు జియోఫోన్. అరచేతిలో పట్టే డబ్బా. లోపల అయస్కాంతం, దాని చుట్టూ స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట ఉంటాయి. నేల కదిలితే తీగచుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. పొడవాటి కేబులు గుండా అది చార్ట్ రికార్డర్‌కు చేరితే, జరుగుతూ పోయే కాగితం మీద కలం కదిలి గీత గీస్తుంది. నేల ఎంత వేగంగా ఊగితే గీత అంత ఎత్తుకు లేస్తుంది. మా దగ్గర నాలుగు కలాల రికార్డర్ ఉండేది. ఒకేసారి నాలుగు చోట్ల కదలిక చూడవచ్చు.

మొదటి రోజు తలుపు తీసింది యూసుఫ్ సాబ్. ముప్పై ఏళ్లుగా ఆ హాలు చూసుకుంటున్న మనిషి. ఆట లేకపోయినా రోజూ పొద్దున వచ్చి వేదిక ఊడ్చి వెళతాడట. నేను చెప్పులు విడిచాక గాని పైకి రానివ్వలేదు. జియోఫోన్ కదలకుండా ఉండడానికి దాని అడుగున ఉన్న మేకును చెక్కలోకి దించడం మామూలు. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"మేకు మాత్రం వద్దు సాబ్. వేరే ఏదన్న తరీఖా జూడండి."

ఇసుక మూట బరువు పెట్టి కూడా పని జరిపించవచ్చు. అలాగే చేశాను. దాంతో ఆయన కొంచెం మెత్తబడి, నన్ను హాలంతా తిప్పాడు. కరెంటు రాకముందు గ్యాసు దీపాలు వేలాడదీసిన ఇనుప కొక్కేలు చూపించాడు. వెదురు బొంగులకు చుట్టిన తెరలను తాడు వదిలి ఒక్కొక్కటే దించాడు. రాజసభ తెర, అడవి తెర, వీధి తెర. అడవి తెర మీద ఒక మూల రంగు పెచ్చులూడితే, ఎవరో చిలకను తిరిగి వేశారు. పాత చిలకలకంటే ఇది లావుగా ఉంది. తరువాత లాంతరు పట్టుకుని వేదిక కిందకు దిగాడు. అక్కడ పెద్ద పెద్ద మట్టి కాగులు, మూతులు పైకి పెట్టి వరుసగా పాతి ఉన్నాయి. మైకులు లేని కాలంలో నటుల గొంతు వెనక వరుసదాకా మోగడానికి అలా పెట్టారట. ఆయన చెప్పింది నిజమో కాదో కొలిచే పని నాకు అప్పగించలేదు. కాని ఒక కాగు మూతి దగ్గర వంగి చిన్నగా దగ్గితే, ఆ దగ్గు నాకు రెండుసార్లు వినిపించింది.

మూడు రోజులు పేలుళ్లను రికార్డు చేశాం. పేలిన ప్రతిసారీ కలాలు లేచాయి, కాని గోడను పగలగొట్టే హద్దుకు చాలా కిందే ఉండిపోయాయి. మా విభాగాధిపతి ఆ కాగితాలు చూసి, పేలుళ్ల సంగతి తేలిపోయినట్టేనని, ఇక నాటకాల వైపే అనుమానం మిగిలిందని అన్నారు. వేదిక మీద నలుగురు మనుషులను గంతులు వేయించి కొలిచి ముగించమన్నారు. నేను ఒప్పుకోలేదు. నలుగురు గంతులేస్తే అది నాటకం కాదు, ఖాళీ హాలు నిండు హాలు కాదు, అసలు ఆటే ఆడించి కొలుద్దామన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, హాలు బరువు మోయగలదని ఇంజినీరు కాగితం ఇస్తే చూద్దామన్నారు. ఇంజినీరు వచ్చి దూలాలు, స్తంభాలు తట్టి చూసి, కింద అన్ని వరుసలూ, బాల్కనీలో సగం వరుసలూ నింపవచ్చని రాసిచ్చాడు. గోడ పైభాగమంతా చెక్క పలకలు కప్పి ఉన్నాయి. వాటిని విప్పించి చూడాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు.

ఆట ఆడేవాళ్లు ఎక్కడ దొరుకుతారని యూసుఫ్ సాబ్‌ను అడిగాను. మీరు ఉండేది ఎక్కడ అని ఆయన నన్ను తిరిగి అడిగాడు. ఉప్పల్ పక్కన చిల్కానగర్ అన్నాను. ఆయన నవ్వాడు.

"ఇంత దూరం వచ్చి అడుగుతున్నరా సాబ్? మా ఆట ఆడేటోళ్లందరు మీ దిక్కే ఉన్నరు. నాచారం ఫ్యాక్టరీలల్ల నౌకరీ చేస్తున్నరు. రాజు వేషమేసే యల్లయ్యను కలువున్రి."

మర్నాడు నాచారంలో ఒక ఇంజినీరింగ్ కర్మాగారం గేటు ముందు, మొదటి షిఫ్టు వదిలే వేళకు నిలబడ్డాను. యల్లయ్య అక్కడ లేత్ మిషను నడుపుతాడు. నలభై దాటిన మనిషి, వెడల్పు భుజాలు, గోళ్ల సందుల్లో నూనె మరకలు. పక్కనున్న చాయ్ బండి దగ్గర కూర్చుని విషయం చెప్పాను. చాయ్ చల్లారిపోయేదాకా వింటూ కూర్చున్నాడు.

"అంటే సారూ, మేమొచ్చి ఆడాలె. మీరు మిషన్ పెట్టి సూస్తరు. తప్పు మాదేనని తేలితే మా హాలు మా చేతులతోనే మూసుకున్నట్టు. గంతే గద?"

నేను అవునన్నాను. అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. మీరు ఆడకపోతే అనుమానం మీ మీదే నిలిచిపోతుంది, అప్పుడూ హాలు మూతపడవచ్చు అని కూడా చెప్పాను.

"మా అక్కను అడగాలె. ఆమె ఊఁ అంటే అందరొస్తరు" అని నన్ను తన సైకిలు వెనక ఎక్కించుకుని ఉప్పల్ తీసుకెళ్లాడు.

అక్క అంటే రాజమణమ్మ. అరవై దాటిన మనిషి. పన్నెండో ఏట మొదలుపెట్టి నలభై ఏళ్లు ఆ వేదిక మీద ఆడింది. ఆ బృందంలో ఉన్నవాళ్లందరికీ పద్యం నేర్పింది ఆమే. మోకాళ్ల నొప్పులతో తొమ్మిదేళ్ల కిందట వేషం మానేసింది. మేము వెళ్లేసరికి గడప దగ్గర కూర్చుని, వేషాల జాకెట్టుకు ఊడిన చమ్కీలు కుడుతోంది. యల్లయ్య చెప్పింది విని, సూది జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది.

"మీ మిషను అబద్ధమాడదా సారూ?"

"ఆడదమ్మా. దాన్ని చదివే మనిషి ఆడవచ్చు."

"మరి చదివేది ఎవరు?"

"నేనే."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరువాత యల్లయ్యతో అంది. "మనోళ్లందరికి చెప్పు. వేషాలు గట్టి, హార్మోనియం బెట్టి, పూరా ఆట ఆడుతం. ఉట్టిగ అడుగులు దొక్కుమంటే మాత్రం నేను రాను."

"నువ్వు గూడ ఆడుతవా అక్కా?"

"తల్లి వేషానికి ఎవరున్నరు మల్ల?"

ఆదివారం మధ్యాహ్నం ఆట. నాచారం నుంచి కార్మికుల కుటుంబాలు నాలుగు బస్సుల్లో, మా ప్రయోగశాల సిబ్బంది కుటుంబాలు మరో రెండు బస్సుల్లో వచ్చాయి. కింద చోటు చాలక మా సిబ్బందిని, నాచారం కుర్రకారును బాల్కనీలోకి పంపాం. నా భార్య కూడా అక్కడే కూర్చుంది. జియోఫోన్లు నాలుగూ అమర్చాను. ఒకటి వేదిక మీద, ఒకటి దాని కింద కాగుల మధ్య, ఒకటి పగిలిన గోడ మొదట్లో. నాలుగోది ఎక్కడ పెట్టాలో తోచక, ఊరికే ఉండడం ఎందుకని బాల్కనీ ముందంచున పెట్టాను. రికార్డర్‌తో నేను వేదిక పక్కన, ప్రేక్షకులకు కనపడని చోట స్టూలు వేసుకున్నాను.

నాటకం ఆ బృందంలోనే పాతకాలం వాళ్లెవరో కట్టుకున్నది. ఒక రాజు, అతని తల్లి, యుద్ధం. యల్లయ్య కిరీటం పెట్టుకుని అడుగు వేస్తుంటే, రెండు రోజుల కిందట చాయ్ బండి దగ్గర కూర్చున్న మనిషిని గుర్తుపట్టలేకపోయాను. కాలు గట్టిగా తాటించాడు, కత్తి తిప్పాడు, డోలు మోగింది. వేదిక మీది కలం లేచింది. గోడ మొదట్లోని కలం దాదాపు కదల్లేదు. నాకు ఊపిరి ఆడింది. ఆటగాళ్ల పాదాలకు గోడతో సంబంధం లేదు. ఆ మాట రాస్తే చాలు, హాలు తెరుచుకుంటుంది.

రెండో అంకంలో రాజమణమ్మ వచ్చింది. యుద్ధానికి బయలుదేరిన కొడుకును ఇంకొక్క పూట ఉండి, ఇంకొక్క ముద్ద తిని వెళ్లమని అడిగే తల్లి పద్యం. మోకాళ్ల నొప్పి వల్ల ఆమె పెద్దగా కదల్లేదు. మైకు కూడా వద్దంది. చివరి రాగం తీసి ఆపగానే హాలు ఒక్కసారిగా లేచింది. "వన్స్ మోర్" అని కేకలు. చప్పట్లు మొదట చెదురుమదురుగా ఉండి, క్షణాల్లో ఒకే తాళంలోకి వచ్చాయి. బాల్కనీలో వాళ్లు ఆ తాళానికి చెక్క నేల మీద కాళ్లు తాటించడం మొదలుపెట్టారు.

నాలుగో కలం లేచింది. ఒక్కో తాళానికి ముందటికంటే ఎత్తుగా. దాని వెనకే గోడ మొదట్లోని కలం కూడా లేవడం మొదలుపెట్టింది.

దీన్ని మా శాస్త్రంలో అనునాదం అంటారు. ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే నెడుతూ పోతే చిన్న చేయి కూడా దాన్ని ఎంతో ఎత్తుకు పంపగలదు. ఆ మధ్యాహ్నం చప్పట్ల తాళమూ బాల్కనీ ఊపూ ఒకటయ్యాయి. నాలుగో కలం కాగితం అంచు తాకి టిక్కుటిక్కున కొట్టుకుంది. జనాన్ని కూర్చోబెట్టమని అడిగింది నేను. పైన నా భార్య ఉంది, నాతో పనిచేసేవాళ్ల పిల్లలు ఉన్నారు. మైకులో ఆపండి అని అరిస్తే అందరూ ఒక్కసారిగా మెట్ల మీదికి పరుగెత్తుతారు. అది ఇంకా ప్రమాదం.

లేచి తెర అంచు దాకా వెళ్లాను. రాజమణమ్మ చప్పట్లు ఆగడం కోసం చేతులు జోడించి నిలబడి ఉంది. నా వైపు చూసింది. నేను అరచేయి కిందికి తిప్పి, నెమ్మది, నెమ్మది అన్నట్టు ఆడించాను. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. ఆమె జోడించిన చేతులు విప్పి, ఒక చేయి పైకెత్తి, పద్యాన్ని మళ్లీ అందుకుంది. మొదటి నుంచి కాదు. చివరి పాదం ఒక్కటే, బాగా కింది శ్రుతిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు. హార్మోనియం అతను ఒక్క క్షణం తడబడి తరువాత అందుకున్నాడు. వినాలంటే చప్పుడు ఆపక తప్పదు. బాల్కనీలో కాళ్లు ఆగాయి. చప్పట్లు ఆగాయి. నాలుగో కలం దిగుతూ దిగుతూ నిలకడకు వచ్చింది.

ఆమె ఆ పాదాన్నే ఎన్నిసార్లు తిప్పి తిప్పి పాడిందో నేను లెక్కపెట్టలేదు. ఈలోగా యూసుఫ్ సాబ్‌ను పైకి పంపాను. ఆయన ఒక్కొక్క వరుస దగ్గరా వంగి, కిందికి వెళ్లి రాజమణమ్మకు దగ్గరగా కూర్చుని వినండని చెప్పి, ఇద్దరిద్దరుగా మెట్లు దింపించాడు. ఎవరూ తోసుకోలేదు. దిగినవాళ్లు నడవాల్లో నేల మీద కూర్చున్నారు. బాల్కనీ ఖాళీ అయిందని ఆయన చేయి ఊపాక, నేను ఆమెకు తల ఊపాను. ఆట ఆగకుండా చివరిదాకా నడిచింది.

ఆట అయ్యాక వేషాల గదికి వెళ్లాను. రాజమణమ్మ కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటోంది. యల్లయ్య కిరీటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జరిగింది చెప్పాను. మీ ఆట వల్ల గోడకు ఏమీ కాలేదు, పేలుళ్ల వల్ల అయింది తక్కువ, లోపం బాల్కనీలో ఉంది, దాన్ని మూయమని రాయాలి అన్నాను.

యూసుఫ్ సాబ్ గడప దగ్గర నిలబడి, మెల్లగా అడిగాడు. "పేలుళ్ల మీద జర ఎక్కువ రాస్తే ఏమైతది సాబ్? బాల్కనీ మాట ఎత్తకుంటే?"

జవాబు నేను చెప్పేలోగా రాజమణమ్మ అంది. "వద్దు యూసుఫ్ భాయ్. ఉన్నది రాయనీ." నూనె గుడ్డ మడతపెట్టింది. "నేను చిన్నగున్నప్పుడు ఆడోళ్లందరం ఆ బాల్కనీలనే కూసునేది. ముంగట వెదురు చిక్కు తెరలు గట్టేది. ఆ సందుల కెళ్లే నేను మొదటి ఆట సూసిన. మా అమ్మ ఒళ్లె కూసోని. ఆ ఒక్క ఆట సూసే ఇటు దిక్కు వచ్చిన." గుడ్డ పక్కన పెట్టి, "కిందనే కూసుంటరు తియ్యి. ఆట ఉంటే సాలు" అంది.

తరువాత నా చేతిలో కాగితపు చుట్ట చూసి అడిగింది. "ఈ కాయితంల నేనేడున్న బిడ్డా?"

కాగితాన్ని నేల మీద పరిచాను. చప్పట్ల దగ్గర అంచులు తాకిన గీతలు చూపించాను. ఆ తరువాత జానల కొద్దీ సాగిన, దాదాపు తిన్నగా ఉన్న గీత వెంట వేలు జరిపి చూపించాను.

"ఇక్కడమ్మా. మీరు రెండోసారి పాడింది ఇది."

ఆమె వంగి చూసింది. "ఏం లేదు గద. ఉట్టి గీతే."

"అన్ని వందల మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే గీత అలాగే వస్తుంది. ఇంత నిలకడగా నిండు హాలు గీత నేను ఎప్పుడూ చూడలేదు."

ఆమె ఆ గీత మీద వేలు పెట్టి, నేను చూపించినంత మేరా నెమ్మదిగా జరుపుతూ పోయింది. యల్లయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె వేలి నూనె మరక కాగితం మీద నిలిచిపోయింది. ఆ కాగితాన్నే నివేదికకు జతచేశాను. మరక ఏమిటని విభాగాధిపతి అడిగితే, నూనె అని చెప్పాను.

నివేదిక పదిహేను రోజుల్లో వెళ్లింది. అందులో ఒక వాక్యం గురించి ఆయనకూ నాకూ చిన్న వాదన జరిగింది. వేదిక మీది ప్రదర్శన వల్ల కట్టడానికి హాని లేదు అన్న మాటను విడిగా రాయాలని నేను పట్టుబట్టాను. హాని ఎక్కడుందో చెబితే చాలు, లేనిచోట్ల జాబితా ఎందుకని ఆయన అన్నారు. అనుమానం పడిన మనుషులు ఉన్నప్పుడు అది కూడా ఫలితమేనని చెప్పాను. చివరకు ఉంచారు. తరువాత చెక్క పలకలు విప్పి చూస్తే, వాననీటి గొట్టం ఏళ్ల తరబడి కారి, గోడలోకి దిగిన బాల్కనీ దూలం కొస పుచ్చిపోయి పొడిపొడిగా రాలింది. దూలం వదులై, బాల్కనీ ఊపంతా తన మీద పడితే గోడ మోయలేక పగిలింది. దూలం మార్చారు. బాల్కనీని జనానికి మూసేసి దీపాలు పెట్టుకోవడానికి ఉంచారు. అవతల పేలుళ్లకు వాడే మందు తగ్గించమన్నారు. ఏడాది దాటాక హాలు తెరిచారు. ఆ రోజు యల్లయ్యే రాజు. రాజమణమ్మ మళ్లీ వేషం కట్టలేదు, కింద మూడో వరుసలో నా భార్య పక్కన కూర్చుని చూసింది.

ఈ ఉదంతం తరువాత నా పని పద్ధతి రెండు విషయాల్లో మారింది. ఏ భవనాన్ని కొలవడానికి వెళ్లినా, గోడలను కప్పిన పలకలు విప్పించి దూలాల కొసలు చూశాకే మనుషులను లోపలికి రానిచ్చాను. ఆ ఆదివారం ఆ పని చేయకపోవడం నా తప్పు, ఎవరికీ ఏమీ కాకపోవడం రాజమణమ్మ సమయస్ఫూర్తి. రెండోది, అక్కడి మనుషులు రోజూ చేసే పని చేస్తుండగా తీసిన రికార్డు లేకుండా, ఖాళీ కట్టడం కొలతల మీద నేను రిటైరయ్యేదాకా సంతకం పెట్టలేదు.